ఖాళీబుట్ట స్వామి కూతురు

"అయ్యగారూ, మీ జీవితచరిత్ర రాయాలని ఉంది. అందులో మహిమలు కొన్ని చేర్చమంటారా, వద్దంటారా?" అని శిష్యుడు విశ్వపతి ఒక సాయంకాలం గురువుగారిని అడిగాడు.

గురువుగారి పేరు పరదేశయ్య. గోదావరి గట్టు కింద రెండు గదుల పెంకుటింట్లో ఉండి, వచ్చినవారికి వేదాంతం చెప్పేవారు. అడిగిన ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పడం ఆయనకు అలవాటు లేదు. తాను ఎరిగినవాళ్ళకు జరిగిన సంగతేదో ఒకటి చెప్పి ఊరుకునేవారు. ఆ రోజు కూడా కాసేపు గడ్డం నిమురుకుని, "కాలువ లాకుల దగ్గర వీరరాఘవులని ఒక టైలరున్నాడు. అతనికి జరిగింది చెబుతాను విను" అన్నారు. ఆయన చెప్పిన సంగతి ఇది.

వీరరాఘవులూ, మరికొందరు స్నేహితులూ ఆదివారం వచ్చిందంటే లాకుల దగ్గర గాలాలు వేసుకుని కూర్చునేవారు. అందరికీ వేరే వేరే ఉద్యోగాలున్నాయి. చేపలు పట్టడం ఉత్త సరదా. వాళ్ళలో చలమయ్య ఒకడు. ఇంజనీర్ల ఆఫీసులో ప్లాన్లు గీసేవాడు. ఊళ్ళో ఒక గది తీసుకుని ఒంటరిగా ఉండేవాడు. పెళ్ళి కాలేదనే అందరూ అనుకునేవారు, ఆయనా కాదనలేదు. గాలం వేయడంలో అంత దురదృష్టవంతుడు ఆ కాలువ పొడుగునా మరొకడు లేడు. పక్కవాళ్ళకు బొచ్చె చేపలు పడుతుంటే ఆయన గాలానికి నాచు తగులుకునేది. ఏ పొద్దున చూసినా ఖాళీ బుట్టతో వచ్చి, ఖాళీ బుట్టతో వెళ్ళేవాడు.

ఒక ఆదివారం ఆయన రాలేదు. నిద్రలోనే గుండె ఆగిపోయిందని మధ్యాహ్నానికి తెలిసింది.

అందరికంటే ఎక్కువ బాధపడినవాడు వీరరాఘవులు. ఏళ్ళ తరబడి చలమయ్య పక్కనే గాలం వేసినవాడు. ఏడుపు దిగమింగుకోలేక, తర్వాతి వారం చలమయ్య బుట్టను లాకుల పక్కన తుమ్మమొద్దుకు తగిలించి, దాని ముందు చెంపలు వేసుకుని, "ఖాళీబుట్ట స్వామీ, నీ దురదృష్టం నీ దగ్గరే ఉంచుకుని మమ్మల్ని కాపాడు!" అన్నాడు. అందరూ కళ్ళు తుడుచుకుంటూనే పగలబడి నవ్వారు.

అలా మొదలైంది. మరుసటి నెలకు ఫోటో వచ్చింది, ఫోటోలో తల వెనక పసుపుపచ్చని చక్రం వచ్చింది. అరిగిపోయిన గాలపు బెండ్లన్నీ గుచ్చి దండ వేశారు. ఆయనకు ఇష్టమని మరమరాలు ప్రసాదం పంచేవారు. వీరరాఘవులు అష్టోత్తరం కట్టాడు. "ఓం తెగినదారాయ నమః", "ఓం నాచుప్రియాయ నమః", "ఓం శాంతమూర్తయే నమః". ఈ మూడో నామం దగ్గర మొదట్లో అందరూ పడీ పడీ నవ్వేవారు. ఐదారేళ్ళు గడిచాయి. పాతవాళ్ళు కొందరు బదిలీలై వెళ్ళారు, కొత్తవాళ్ళు చేరారు. చేపలు స్వామి దర్శనానికి వచ్చేవి గనుక ఎర ముట్టేవి కావని ఒకరు, ఆయన కూర్చున్నచోట గాలివాన ఆగిపోయేదని మరొకరు కథలు అల్లారు. శాంతమూర్తి అన్నప్పుడు నవ్వడం ఎప్పుడు మానేశారో ఎవరూ గమనించలేదు.

ఒక ఏడాది ఆయన పోయిన తిథికి ఆరాధన జరుగుతుండగా, ముప్పై ఏళ్ళ స్త్రీ ఒకామె గట్టు దిగి వచ్చింది. చేతిలో చిన్న సంచి ఉంది. ఫోటో వంకా, చక్రం వంకా చాలాసేపు చూసి, "ఈయన కొమరగిరి చలమయ్యగారేనాండీ?" అని అడిగింది.

"అవునమ్మా. మీరెవరు?" అన్నాడు వీరరాఘవులు.

"నా పేరు హైమవతి. ఆయన కూతుర్ని. విజయనగరం నుంచి వచ్చాను."

వీరరాఘవులు చేతిలోని మరమరాల పళ్ళెం జారి గట్టు మీద పడింది. అన్నేళ్ళు భుజం భుజం ఆనించి కూర్చున్న మనిషికి భార్యా, కూతురూ ఉన్నారన్న సంగతి అతనికి తెలియదు! ఆమె నెమ్మదిగా చెప్పింది. తనకు ఐదేళ్ళప్పుడు అమ్మా నాన్నా విడిపోయారు. ఆయన పోయిన కబురు కూడా ఈమధ్యనే తెలిసింది. ఆఫీసులో అడిగితే, ఆయన్ని ఎరిగినవాళ్ళు లాకుల దగ్గరే ఉంటారన్నారు.

అందరూ ఆమెను పీటవేసి కూర్చోబెట్టారు. మహా ఉత్సాహంగా మహిమలన్నీ చెప్పుకొచ్చారు. ఆమె మర్యాదకు తల ఊపుతూ విన్నది. అంతా అయ్యాక, "ఒక్క మాట అడుగుతానండి. నిజం చెప్పండి. మా నాన్నకు కోపం వచ్చేదా?" అన్నది.

"కోపమా! ఎంతమాట! ఆయన శాంతమూర్తి కదమ్మా" అన్నాడు పాతవాళ్ళలో ఒకడైన కంపౌండరు అప్పలనర్సయ్య. కొత్తవాళ్ళందరూ అవునవునన్నారు. వీరరాఘవులు కూడా, "ఏనాడూ గట్టిగా మాట్లాడి ఎరగడమ్మా" అన్నాడు.

ఆమె సంచి చేతిలోకి తీసుకున్నది. "అలాగాండీ. అయితే అమ్మ చెప్పిందే నిజం. నాకున్న ఆ ఒక్క జ్ఞాపకమూ నేను కల్పించుకున్నదే" అని లేచి, అందరికీ నమస్కారం పెట్టి, గట్టెక్కి వెళ్ళిపోసాగింది.

వీరరాఘవులు అలాగే కూర్చుండిపోయాడు. వెనక ఎవరో అష్టోత్తరం మళ్ళీ అందుకున్నారు. "ఓం శాంతమూర్తయే నమః" అన్న మాట చెవిన పడగానే అతని ఒళ్ళు జలదరించింది. ఆ నామం కట్టింది తనే. ఎందుకు కట్టాడు? చలమయ్య అంతటి కోపిష్టి ఆ తాలూకాలోనే లేడు గనుక కట్టాడు! నవ్వించడానికి కట్టాడు! ఆమె అడిగినప్పుడు తాను అబద్ధమాడలేదు. ఆ క్షణంలో నిజంగానే చలమయ్య కోపం అతనికి గుర్తుకు రాలేదు. పోనీ ఇప్పుడైనా ఆయన గొంతు గుర్తుచేసుకుందామని కళ్ళు మూసుకున్నాడు. వినబడినదల్లా తాను స్వామి పేరిట రాసిన మాటలే. స్నేహితుణ్ణి యముడొకసారి తీసుకుపోతే, మిగిలినదాన్ని తాను నవ్వుతూ నవ్వుతూ తుడిచేశాడు. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా అప్పలనర్సయ్య క్యారేజీ గిన్నె కనబడింది.

లేచి పరుగెత్తాడు. "అమ్మా, ఆగు! హైమవతమ్మా, ఆగు తల్లీ!"

బస్సు కోసం నిలబడ్డ ఆమె వెనుదిరిగి చూసింది.

"మేము చెప్పింది తప్పు. మీ నాన్నకు ముక్కుమీద కోపం. ఇందాక శాంతమూర్తి అన్నాడే, ఆ అప్పలనర్సయ్యే ఒకసారి క్యారేజీ గిన్నె చప్పుడు చేశాడని, చేప బెదిరిందని, మీ నాన్న అన్నంతో సహా అతని క్యారేజీ తీసి కాలువలోకి విసిరేశాడు. మేమంతా అదిరిపోయాం. ఆయన గంటసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత తన గిన్నెలో సగం అన్నం తీసి, అటు తిరిగి కూర్చుని, ముఖం చూపించకుండా చెయ్యి మాత్రం వెనక్కి చాపి…"

ఆమె సంచి నేలమీద పెట్టేసింది. "చెయ్యి వెనక్కి చాపారా?" అన్నది.

"ఇదిగో, ఇలా. తప్పయిందని నోటితో చెప్పడం ఆయనకు చేతకాదమ్మా."

హైమవతి అక్కడే గట్టుమీద కూలబడింది. "ఆయన గీసుకుంటున్న ప్లాను మీద సిరా ఒలకబోశాను. ఇల్లు ఎగిరిపోయేలా అరిచారు. తర్వాత అటు తిరిగి కూర్చుని, చెయ్యి వెనక్కి పెట్టి, ఒక్కొక్కటే బత్తాయి తొనలిచ్చారు. కలగన్నావంటుంది అమ్మ" అని, నవ్వో ఏడుపో తెలియకుండా ముఖం కప్పుకున్నది. కాసేపటికి తలెత్తి, "ఇంకా చెప్పండి బాబాయ్‌గారూ" అన్నది.

ఆమె వెళ్ళవలసిన బస్సు వెళ్ళిపోయింది. అప్పలనర్సయ్య కూడా వచ్చి చేరాడు. ఎర అరువివ్వమంటే చలమయ్య ఎలా కసిరేవాడో అతను చెప్పాడు. ఎండ నెత్తిమీదికి వచ్చేదాకా చెబుతూనే ఉన్నారు. అందులో ఒక్క మహిమా లేదు.

గురువుగారు చెప్పడం ముగించారు. విశ్వపతి "అయితే అయ్యగారూ, నన్ను ఏం రాయమంటారు?" అన్నాడు.

గురువుగారు లేచి నిలబడి, "నిన్న పొద్దున ఏ తప్పూ లేకుండానే నిన్ను కసిరాను. గుర్తుందా?" అన్నారు.

విశ్వపతి తల వంచుకుని, "ఉందండి" అన్నాడు.

"జాగ్రత్త, దాన్ని పోగొట్టుకోకు."