పాపం నెత్తినేసుకున్న మాచమ్మ

“ఆవు నెత్తురు పోస్తాందిరోయ్!”

వీధి ఆ చివర నుంచి కేక. మాచమ్మ చీపురు పారేసి పరిగెత్తింది. ఎప్పటి సంగతంటారా? పట్నానికి కోటగోడ ఉన్ననాటి సంగతి. ఆ గోడ కిందే ఇరుకిరుకు కొట్టాల్లో పాలవాళ్లు ఆవుల్ని ఒకదానికొకటి ఆనించి కట్టుకున్ననాటి సంగతి.

మాచమ్మకు ఆవు లేదు, చీపురుంది. పేడ ఎత్తేది. పాలవాళ్ల పెద్ద ఓబులేసు మాత్రం, “మా చుక్కావు ఈసారి ఈనే దూడ నీదేనమ్మే” అన్నాడు. ఇంక ఆమెకు కుదురెక్కడిది?

మొదటి ఆవు ఎర్రగా ఉచ్చ పోసింది, మూడోనాటికి పోయింది. రెండోదీ అంతే. ఇప్పుడీ కేక మూడో ఆవుది. దాని పక్క గుంజకే చుక్కావు!

దిష్టి తీశారు. తాయెత్తు కట్టారు. మొక్కులు మొక్కారు. మాచమ్మ మాత్రం నిలవలేక కొట్టమంతా తిరిగి, గోడ పగుళ్లలో వేలుపెట్టింది. అబ్బో! నెత్తురు తాగి ఆముదం గింజల్లా ఉబ్బిన పిడుదులు!

అక్కడికెట్లా చేరాయి? గోవు ఒంటి మీది ప్రాణిని చంపితే పాపమని పాలవాళ్ల నమ్మకం. పొద్దున్నే పిడుదుల్ని ఏరి, పువ్వుల్లా తెచ్చి గోడమీద వదిలేవాళ్లు. పొద్దుగూకేసరికి అవి పక్క ఆవు మీద ఉండేవి!

“ఓబులన్నా, జబ్బును మోసేది ఇవే. కాల్చేద్దాం.”

“చీపురు పట్టిన చేతికి వైద్యం కూడానా? పాపమే, పిచ్చిదానా!”

“కాల్చేద్దామన్నా.”

“పాపమంటే వినవే!”

“కాల్చేద్దాం. పాపం నాకు రానీ, ఆవు నీకు ఉండనీ.”

ఓబులేసు పక్కకు జరిగి దారి వదిలాడు. మాచమ్మ కాగడా వెలిగించి గోడంతా కాల్చింది. చుక్కావు చెవుల్లో, పొదుగు సందున, తోక కింద వెతికి ఏరి నిప్పుల్లో వేసింది. పటపటా పేలాయి.

మూడో ఆవు దక్కలేదు. నాలుగో కేక మాత్రం వినబడలేదు. చుక్కావు ఈనింది, మాచమ్మకు దూడ వచ్చింది. అయితే ఏం లాభం? “పాపపు చెయ్యి” అంటూ బంతిలో ఆమెను పక్కన కూర్చోనివ్వలేదు. ప్రతి అమావాస్యకూ గోడ కాల్చేది, కొట్టం మూల నిలబడి తినేది. అట్లాగే ఓనాడు కన్నుమూసింది.

ఆ తర్వాతి అమావాస్యకు కాగడా ఎవరు పట్టాలి? ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నెల తిరిగింది, మరో నెల తిరిగింది. చుక్కావు చెవి నిండా పిడుదులు! ఓబులేసు కాగడా అందుకున్నాడు. వెనకే అతని పెళ్లాం. వెనకే వీధి వీధంతా.

ఇప్పటికీ ఆ పాలవీధిలో అమావాస్య పొద్దున గోడలు కాల్చందే ఎవరూ ముద్ద ముట్టరు. మొదటి విస్తరి మాచమ్మకు వేస్తారు. అందరి చేతులదీ ఒకటే కమురు వాసన. ఇంక ఎవరు ఎవర్ని లేవమంటారు? పెద్దా చిన్నా, పేడ ఎత్తినవాళ్లూ పాలు పితికినవాళ్లూ, అంతా ఆ విస్తరి పక్కన ఒకే బంతిలో కూర్చుని తింటారు.