అద్దె ఇంటి గోడ

అనగా అనగా, మన తాతల తాతలు కూడా పుట్టని రోజుల్లో, రేవతీపురం అనే పట్నం ఉండేది. అందులో నేతగాళ్ల వీధి ఒకటి. ఆ వీధిలోని పన్నెండు ఇళ్లూ గవరయ్య అనే వర్తకుడివే. మట్టి గోడలు, పెంకుల కప్పులు. అద్దె తీసుకోవడమే తప్ప, ఏ ఇంటి గడపా తొక్కి ఆయన ఎరగడు.

చివరి ఇంట్లో భద్రమ్మ, ఆమె పెనిమిటి భావనయ్య ఉండేవారు. ఆమె నూలు కండెలు చుట్టేది. అతను నేలలోకి తవ్విన గుంటమగ్గంలో కూర్చుని చీరలు నేసేవాడు. పిల్లలు లేరు, ఒకరికొకరే లోకం. భావనయ్యకు చిన్ననాడే ఒక కాలు చచ్చుబడింది. భద్రమ్మ చెయ్యి అందిస్తే గాని గుంటలోంచి పైకి రాలేడు.

ఒక వేసవిలో ఇంటి దూలానికి చెద పట్టింది. పొడి రాలి నేత మీద పడసాగింది. భద్రమ్మ వర్తకుడి మేడకు వెళ్లింది.

"అయ్యా, దూలం గుల్లబారిపోయింది. వానలు పడకముందే మార్పించండి."

గవరయ్య తమలపాకుకు సున్నం రాసుకుంటూ, "ఇంత ఎండలో నీకు వానలెక్కడ కనబడ్డాయే? చూద్దాంలే, వెళ్లు" అన్నాడు.

తొలకరి పడింది. కప్పు కుంగింది. పెంకుల సందుల్లోంచి నీళ్లు గోడ వెంట దిగి మగ్గం గుంటలో చేరాయి. భద్రమ్మ చెంబుతో తోడి తోడి పోసింది. మర్నాడు మళ్లీ మేడకు వెళ్లింది.

"అయ్యా, గోడ నానిపోతోంది. ఇల్లు అద్దెకిచ్చినవాడే దాన్ని మనుషులుండేలా బాగుచేయించాలని రాజుగారి శాసనం ఉందట. కోటగుమ్మం దగ్గర రాతి మీద చెక్కించారట."

గవరయ్య పగలబడి నవ్వాడు. "రాతి మీద ఉంది కదా, అక్కడే ఉండనీ!"

తర్వాత ముసురు పట్టింది. మూడు రోజులు తెరిపి లేదు. వెనక గోడ పొట్ట ఉబ్బినట్టు ముందుకొచ్చింది. ఇరుగుపొరుగు వచ్చి వెదుళ్లు ఊతంగా పెట్టారు.

"ఇవాళ మగ్గంలోకి దిగొద్దయ్యా" అంది భద్రమ్మ.

"పెళ్లివారి చీర. ఇంకొక్క మూర ఉంది. నువ్వెళ్లి అయ్యగారికి చెప్పిరా. ఈసారి వింటాడులే" అన్నాడు భావనయ్య. ఆమె చెయ్యి పట్టుకుని గుంటలోకి దిగాడు.

భద్రమ్మ తడుస్తూ వెళ్లి వర్తకుడి కాళ్ల మీద పడింది.

"మాటిమాటికీ వచ్చి నా ప్రాణం తియ్యకు. ఇష్టం లేకపోతే ఖాళీ చెయ్యి" అన్నాడు గవరయ్య.

"ఈ ముసురులో కుంటివాణ్ని, మగ్గాన్ని ఎక్కడికి తీసుకుపొమ్మంటారయ్యా?"

ఆ మాట పూర్తి కాకముందే పక్కింటి ఎల్లన్న పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఒళ్లంతా మట్టి. "వదినా, గోడ మగ్గం మీద కూలింది. అన్నను బతికించుకోలేకపోయాం" అన్నాడు.

వీధివాళ్లే భద్రమ్మను రాజుగారి సభకు తీసుకెళ్లారు. గవరయ్య చేతులు కట్టుకుని, "ప్రభూ, నాదేం తప్పు? వాన కురిసింది, గోడ పడింది. దేవుడి పనికి నన్ను దండిస్తారా?" అన్నాడు.

భద్రమ్మ తలెత్తింది. "అదే వాన మీ మేడ మీదా కురిసింది కదయ్యా" అంది.

రాజు తల వంచుకున్నాడు. "శాసనం చెక్కించాను గాని, ఎవరు పాటిస్తున్నారో కనుక్కోలేదు. ఈ తప్పులో నాకూ పాలుంది" అన్నాడు. గవరయ్య మేడ అమ్మించి, ఆ సొమ్ముతో పన్నెండు ఇళ్లూ గట్టిగా కట్టించమన్నాడు. ఏటేటా వానలకు ముందు ఇళ్లు చూసేందుకు మనుషులను పెట్టాడు. గవరయ్యను చెరసాలకు పంపాడు.

"నీకేం కావాలో అడుగమ్మా" అన్నాడు.

"నాకు కావలసింది మీ దగ్గర లేదు ప్రభూ" అంది భద్రమ్మ.

మరుసటి ఏడు వీధిలో ఒక్క కప్పూ కారలేదు. వాన కురుస్తుంటే పిల్లలు పొడి నేల మీద ఆడుకున్నారు. భద్రమ్మకు రాతి గోడల ఇల్లు వచ్చింది. టేకు దూలం, కొత్త మగ్గం వచ్చాయి. ఆమె పొద్దస్తమానం పక్కిళ్లవాళ్లకు కండెలు చుట్టేది. పొద్దుగూకాక ఒక్కతే వండుకుని, రెండు ముద్దలు తిని, మిగిలింది కాకులకు వేసేది. గోడలు గట్టివే. పలికేవాళ్లే లేరు.

ఇల్లు అద్దెకిచ్చినవాడు అందులోని ప్రాణాలకు పూచీ పడ్డట్టే. కూలకముందు నిలబెట్టని గోడను కూలాక ఎంత గట్టిగా కట్టినా, పోయిన ప్రాణం తిరిగి రాదు.