నీలవేణి భయం పంచుకున్న ఇల్లు

మాట చెబితే ఇట్టే అర్థం చేసుకోవడంలో తమ ఇంటిని మించిన ఇల్లు బాపట్లలోనే లేదని కోటిలింగం నమ్మకం. భార్య భ్రమరాంబ అవునంటుంది. అక్క ఇంట్లోనే మకాం వేసిన బావమరిది పానకాలు అయితే, "తెలివి మన దగ్గర పేరుకుపోయింది బావా, కాస్త వాడాలి" అంటాడు.

వాడే రోజు రానే వచ్చింది. కూతురు నీలవేణికి సోమవారం ఉద్యోగానికి ఇంటర్వ్యూ. నెల నుంచీ ఆ పిల్లకి గుండె దడ, కంటికి కునుకు లేదు. బిడ్డ మొహం చూస్తే కోటిలింగానికి ముద్ద దిగడం లేదు. డాక్టరమ్మకి చూపిస్తే ఆవిడ నిదానంగా చెప్పింది. "కాఫీ రోజుకి ఒక్క గ్లాసే. పడుకున్నాక ఫోన్ చేత్తో పట్టుకోకూడదు. పొద్దున్నే అరగంట నడవాలి. భయాన్ని ఒక్కతే మోయకుండా మీరూ పంచుకోండి. నిద్ర అదే పడుతుంది."

ఇంటికి రాగానే భ్రమరాంబ ఒక్క గ్లాసు ఉంచుకుని మిగతావన్నీ ఇరుగుపొరుగుకి ఇచ్చేసింది. ఆ ఒక్క గ్లాసులోనే రోజుకి ఎనిమిదిసార్లు కాఫీ పోసింది. పిల్ల పడుకోగానే కోటిలింగం ఫోన్ తెచ్చి ఆమె మొహం ముందు పట్టుకు నిలబడ్డాడు. "నువ్వు ముట్టుకోకు తల్లీ, వేలితో తోసేది నేను తోస్తాగా" అన్నాడు. ఇంకేముంది, నీలవేణి కళ్ళు పత్తికాయల్లా విచ్చుకున్నాయి.

ఇక నడక. అరగంటకి తేడా రాకూడదని పానకాలు గోడ గడియారం ఊడదీసి నెత్తిన పెట్టుకున్నాడు. ఆరుంపావుకి బయల్దేరారు. రెండు ఊళ్ళు దాటారు. గడియారంలో ఇంకా ఆరుంపావే.

"అందులో బ్యాటరీ అయిపోయిందయ్యా" అన్నాడు గేదెలు తోలుకెళ్ళే ఆసామి.

"బ్యాటరీ సంగతి డాక్టరమ్మ చెప్పలా" అని పానకాలు ముందుకే సాగాడు. అంతే, ఇల్లు చేరేసరికి మిట్టమధ్యాహ్నం, నీలవేణి కాళ్ళనిండా బొబ్బలు.

సోమవారం పొద్దున గడప దగ్గర ఆ పిల్ల ఆగిపోయింది. "భయంగా ఉంది నాన్నా. నేను వెళ్ళలేను."

"పంచుకోమన్నారుగా. ఏమేం ఉన్నాయో చెప్పు" అంటూ కోటిలింగం తువ్వాలు పరిచాడు.

"బస్సు. లిఫ్టు. లోపల కూర్చునే ఆఫీసరు."

బస్సు భయం పానకాలు తీసుకున్నాడు. లిఫ్టుది భ్రమరాంబకి. ఆఫీసరుది పెద్దది కాబట్టి కోటిలింగమే మూటగట్టుకున్నాడు. తండ్రి ఆ ముడి వేస్తున్న తీరు చూసి నీలవేణి ఫక్కున నవ్వింది. ఆ నవ్వులోనే ఫోన్ కూడా మరిచిపోయి బస్సెక్కింది.

ఇక్కడ ముగ్గురికీ వణుకు పట్టుకుంది. "ఈ భయాలతో మనం ఇంట్లో తిరిగితే, వచ్చాక పిల్లకి మళ్ళీ అంటుకుంటాయి" అన్నాడు కోటిలింగం. అంతే, ముగ్గురూ బయటికొచ్చి తాళం వేశారు. ఎంత భయమేసినా లోపలికి పోకుండా తాళంచెవి కిటికీలోంచి ఇంట్లోకి విసిరేశారు.

సాయంత్రం నీలవేణి వెలిగిపోతూ వచ్చింది. "ఉద్యోగం వచ్చింది నాన్నా. తలుపు తియ్యండి, కాఫీ తాగాలి."

"తాళంచెవి లోపల భద్రంగా ఉందమ్మా."

"తాళాలు తీసేవాణ్ణి పిలుచుకురా మామయ్యా."

"రోడ్డు మీద బస్సులుంటాయే" అని పానకాలు స్తంభాన్ని వాటేసుకున్నాడు.

కాఫీ గ్లాసు లోపల. ఫోన్ లోపల. చేసేదేంలేక నీలవేణి అరుగు మీద తల్లి ఒళ్ళో తల పెట్టుకుని ఆఫీసరు కబుర్లు చెప్పింది. చెబుతూ చెబుతూనే నిద్రపోయింది.

కోటిలింగం వంగి చూశాడు. సన్నగా గురక కూడా. నెల రోజుల తరవాత తన బిడ్డ నిద్రపోతోంది. ఆయన కళ్ళు చెమర్చాయి. ఇంత మంచి కబురు పిల్లకి చెప్పకుండా ఎలా ఉంటాడు? భుజం పట్టి గట్టిగా కుదిపాడు.

"అమ్మాయ్, లేలే. నీకు నిద్ర పట్టింది."