మాణిక్యమ్మ పొద్దుటెండ

అనగనగా ఒక అడవిలో, వాగు పక్కన, అన్నీ పొట్టి ఇళ్ళే ఉన్న పాతవాడ ఒకటి ఉండేది. ఆ వాడలో మాణిక్యమ్మ అనే కుందేలు కాపురముండేది. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. రోజూ పొద్దున్నే వాకిట్లో బండ మీద కూర్చుని, రెండు చెవులూ ఆరేసినట్టు పరుచుకుని, ఎండ కాచుకునేది. ఆ ఎండ తగలకపోతే రోజంతా ఆవిడ కాళ్ళు కదలవు.

ఆవిడ ఇంటికి తూర్పున పెద్ద ఖాళీ స్థలం ఉంది. అది ఎలుగుబంటి తాతది. ఆయన కొండ మీదికి మకాం మార్చి, ఆ స్థలం అమ్మకానికి పెట్టాడు. కొంటానని ముంగిస మేస్త్రి పేరయ్య వచ్చాడు.

"అత్తా, ఇక్కడ మూడంతస్తుల్లో మూడు వాటాలు కడతాను. ఉడుతలు, ఎలుకలు, తొండ దంపతులు ఉంటారు. పాపం, ఇల్లు దొరక్క తిరుగుతున్నారు" అన్నాడు.

మాణిక్యమ్మ ఒంటికాలి మీద లేచింది. ఆ క్షణాన మోకాళ్ళ నొప్పి గుర్తు రాలేదు మరి!

"మూడంతస్తులా! నా ఎండ ఏమైపోవాలి?"

పేరయ్య రెండంతస్తులకు తగ్గించాడు.

"నా గోడకి ఆనించి కడితే నాకు గాలెలా వస్తుంది?" అంది మాణిక్యమ్మ.

పేరయ్య ఇంటిని అవతలికి జరిపాడు. మూడోసారి ఒక పొడుగు కర్ర తెచ్చి స్థలంలో పాతాడు.

"ఇదే అత్తా, ఇంటి ఎత్తు. నీడ ఎక్కడిదాకా వచ్చిందో నువ్వే చూడు."

నీడ బండకి మూరెడు దూరంలోనే ఆగిపోయింది. మాణిక్యమ్మ కళ్ళారా చూసింది. చూసి, ఆ కర్ర పీకి అవతల పారేసింది.

అసలు సంగతేమిటంటే పిల్లలూ, ఎండ ఒక సాకు. ఉడుత పిల్లలు గోల చేస్తాయని, ముక్కూ మొహం తెలియనివాళ్ళు పక్కన చేరతారని ఆవిడ బెంగ. అలా అంటే బాగుండదని ఎండ పేరు చెప్పింది.

మాణిక్యమ్మ వాడకి పెద్ద అయిన తాబేలు చేత సభ పెట్టించింది. "ఒక స్థలంలో ఒకే కుటుంబం ఉండాలి" అని నియమం రాయించింది. అందరూ తలలూపారు. ఊపరూ మరి? సభకి వచ్చినవాళ్ళంతా ఇళ్ళున్నవాళ్ళే!

పేరయ్య వాగు అవతలికి వెళ్ళి ఆ మూడు వాటాల ఇల్లు అక్కడ కట్టుకున్నాడు. మాణిక్యమ్మ నెల రోజులు హాయిగా ఎండ కాచుకుంది.

ఆ తర్వాత ఖాళీ స్థలం కొని అందులోకి ఏకాంబరం దిగాడు. ఏకాంబరం ఏనుగు. దుంగ మీద దుంగ పేర్చి, తాటిచెట్టంత ఇల్లు లేపాడు.

మాణిక్యమ్మ పరుగున వెళ్ళింది. "ఏమిటయ్యా ఇది? ఎంతమంది ఉంటారిందులో?"

"నేనొక్కడినే పిన్నిగారూ!" అన్నాడు ఏకాంబరం వినయంగా. "ఇంకా పెళ్ళి కూడా కాలేదు. మీ నియమం అంగుళం దాటను."

ఆవిడ తాబేలు దగ్గరికెళ్ళి గోలపెట్టింది.

"ఎత్తు సంగతి నువ్వు రాయించలేదు కదమ్మా. ఎన్ని కుటుంబాలు ఉండాలన్నదే రాయించావు" అంది తాబేలు.

మర్నాటి నుంచి బండ మీద మధ్యాహ్నం దాకా నీడే. మాణిక్యమ్మ కాళ్ళు కొయ్యబారిపోయాయి. పట్టుదల కూడా ఎన్నాళ్ళు నిలుస్తుంది చెప్పండి! ఒకరోజు చాప చంకన పెట్టుకుని, కుంటుకుంటూ వాగు దాటింది. పేరయ్య కట్టిన మూడు వాటాల ఇంటి అరుగు మీద ఎండ నిండుగా ఉంది. ఉడుత పిల్లలు అక్కడే ఆడుతున్నాయి.

మాణిక్యమ్మ సిగ్గుతో తల దించుకుని, "కాస్త చోటిస్తారా అమ్మా?" అని అడిగింది.

ఉడుత తల్లి పిల్లల్ని పక్కకి జరిపి, ఆవిడ చాప అందుకుని ఎండలో పరిచింది.

నీతి: ఇతరులకు చోటు లేకుండా చేయాలని చూస్తే, చివరికి మన చోటే మనకు కాకుండా పోతుంది.