భద్రమ్మ ఏటిస్నానం

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ముసలి జంతువుల కోసం సింహరాజు ఒక విడిది కట్టించి, దాన్ని చూసుకునే పని ధవళి అనే కుందేలుకు అప్పగించాడు.

"ఇక్కడ ఎవరికి చిన్న దెబ్బ తగిలినా నీదే పూచీ," అన్నాడు రాజు. ఆ మాటకే ధవళి చెవులు రెండూ నిక్కబొడుచుకున్నాయి.

విడిదిలో భద్రమ్మ అనే ముసలి ఏనుగు ఉండేది. చూపు మందగించింది, మోకాళ్లు పట్టు తప్పాయి. అయినా తెల్లారితే చాలు, ఏటికి స్నానానికి బయలుదేరేది. ఒకరోజు గట్టు మీద జారి చతికిలబడింది. దెబ్బేమీ తగల్లేదు గానీ, ధవళికి పై ప్రాణాలు పైనే పోయాయి.

పరుగున వెళ్లి నక్కను సలహా అడిగింది.

"ఏరు ఎండిపోయిందని చెప్పు. ఆ ముసలిదానికి ఏం కనబడుతుంది గనక!" అంది నక్క.

ధవళి అలాగే చెప్పింది. భద్రమ్మ తొండం ఎత్తి గాలి వాసన చూసింది. "తడి వాసన వస్తోందే పిల్లా! నాకు పోయింది చూపే, ముక్కు కాదు," అని పకపకా నవ్వింది. ధవళి సిగ్గుతో చచ్చిపోయింది.

ఈసారి ఎలుగుబంటిని అడిగింది. అది అడవితీగలు పేని గట్టి తాడు చేసి ఇచ్చింది. "కాలికి కట్టెయ్. ఇక పడే గొడవే ఉండదు."

ధవళి మనసు రాయి చేసుకుని కట్టేసింది. భద్రమ్మ నవ్వలేదు. చెరకు ముట్టలేదు. మూడు రోజులు గోడవైపు తిరిగి పడుకుంది. ఒంటి మీద గీత పడలేదు, ప్రాణం మాత్రం కొడిగడుతోంది.

ధవళికి ఏడుపు ఆగలేదు. అందరినీ అడిగాను, ఈవిడను అడగనే లేదే అనుకుంది. వెళ్లి పక్కన కూర్చుంది. "అవ్వా, నువ్వు పడితే నా గతేమిటి? ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు."

"ఇన్నాళ్లకు అడిగావా తల్లీ! పడతానేమోనని నాకూ భయమే. కానీ ఏరు లేని బతుకు నాకొద్దు. లోతుకు పోను, ఇసుక రేవులోనే దిగుతాను. పట్టుకోవడానికి ఏదైనా ఇయ్యి, చాలు."

ధవళి కాలి తాడు విప్పింది. దానికి మరిన్ని తీగలు పేని కలిపి, విడిది గుమ్మం నుంచి ఇసుక రేవు దాకా, చెట్టుకూ చెట్టుకూ కట్టింది. మర్నాడు భద్రమ్మ ఆ తాడు తొండంతో పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ ఏట్లో దిగింది.

అప్పుడే అటుగా వచ్చిన సింహరాజు అది చూసి గర్జించాడు. "పడితే?"

ధవళి రాజుకు ఎదురుగా వచ్చి నిలబడింది. ఉన్న నిజమే చెప్పింది. "పడవచ్చు ప్రభూ. ఆ సంగతి అవ్వకూ తెలుసు. పడకుండా చెయ్యగలిగిందంతా చేశాను. మళ్లీ కట్టెయ్యమంటే మాత్రం నావల్ల కాదు."

రాజు బదులిచ్చేలోపే భద్రమ్మ తొండంనిండా నీళ్లు పీల్చి ఆయన మీద చిమ్మింది. జూలంతా తడిసి ముద్దయిన రాజు, ఒక్క క్షణం బిత్తరపోయి, తానే ముందు ఫక్కున నవ్వాడు. ఆ రోజు భద్రమ్మ రెండు మోపుల చెరకు తినేసింది.

నీతి: పెద్దల మేలు కోరేవారు ముందు వారి మాట అడగాలి, ఆపైన వారి అడుగుకు ఆసరా కావాలి.