నడిచిన కట్టుగొయ్య

అనగనగనగా, కొండలు ఇంకా పూర్తిగా ఎదగని రోజుల్లో, ఒక బుల్లి కొండ పక్కన ఒక బుల్లి పల్లె ఉండేది. ఆ పల్లె చివర పైడయ్యది ఒక తాటాకుల ఇల్లు. ఇల్లు చిన్నదే. ఎంత చిన్నదంటే, లోపల ఎవరైనా ఆవలిస్తే వీధిలో కుక్కకు నిద్ర ముంచుకొచ్చేది. దొడ్డి మాత్రం రాజుగారి కోటకు తీసిపోదు. అందులో ఒక కోడిపుంజు, ఒక గేదె, దానికి కొత్తగా పుట్టిన పెయ్యదూడ.

గేదె పేరు కాటుక. అటువంటి నలుపు భూమ్మీద మళ్ళీ పుట్టలేదు. వానమబ్బులు పోతూ పోతూ ఆ దొడ్డి మీద కాసేపు ఆగి, తమ నలుపు సరిపోయిందో లేదో చూసుకుని వెళ్ళేవి. ఇక దాని పాడి సంగతి చెప్పాలా? పైడయ్య భార్య అచ్చియ్యమ్మ పితకడానికి కూర్చుంటే, ఆ ధార చప్పుడు విని పొరుగూరి వాళ్ళు వాన మొదలైందనుకుని ఆరబోసిన వడ్లు ఎత్తుకునేవారు.

దూడ పేరు బొట్టు. నుదుట తెల్లమచ్చ ఉందని ఆ పేరు. కోడిపుంజు పేరు దొరబాబు. రోజూ సూర్యుణ్ణి కొండ వెనక నుంచి తానే లాక్కొస్తున్నానని దాని నమ్మకం.

పాలు పితకడానికి ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ముందు దూడను వదలాలి. అది నాలుగు గుక్కలు కుడిస్తే తల్లి చేపుతుంది, పాలు పొదుగులోకి దిగుతాయి. అప్పుడు దూడను ఇవతలికి లాగి, మూడు చన్నులు పితుక్కోవాలి. నాలుగోది ముట్టకూడదు. అది దూడది. అచ్చియ్యమ్మ అత్తగారు కన్నుమూసే ముందు ఇంటి తాళంచెవులకన్నా ముందు ఈ మాటే అప్పగించింది.

అచ్చియ్యమ్మ చాలా ఏళ్ళు ఆ మాట నిలబెట్టింది. ఈసారి గేదె ఈనాక ఆమెకు కొత్త కడవ వచ్చింది. తళతళలాడే ఇత్తడి కడవ. మూడు చన్నుల పాలు కడవ భుజం దాకా వచ్చి ఆగిపోయాయి. మెడ దాకా రాలేదు.

"ఒక్క పూటకేగా," అనుకుని నాలుగో చన్నుకు చెయ్యి వేసింది. కడవ నిండింది. మరునాడూ వేసింది. మూడోనాటికి అలవాటైంది. బొట్టు పక్కటెముకలు లెక్కకు వచ్చాయి గాని, వాటిని లెక్కపెట్టినవాళ్ళు లేరు.

నాలుగోనాడు పొద్దున్న ఒక వింత జరిగింది. కాటుక పొదుగు గాలి తీసిన తిత్తిలా వేలాడుతోంది. ఒక్క చుక్క లేదు. దూడేమో కట్టినచోటే ఉంది. పలుపు తెగలేదు. కట్టుగొయ్య నేలలోనే ఉంది.

"దిష్టి," అంది అచ్చియ్యమ్మ. ఉప్పూ ఎండుమిరపకాయలూ కాటుక చుట్టూ మూడుసార్లు తిప్పి నిప్పుల్లో వేసింది. ఆ ఘాటుకు ఊరు ఊరంతా తుమ్మింది. ఊరి వెనక కొండ కూడా తుమ్మింది, దాని శిఖరం వంకరపోవడం ఆనాటి నుంచే.

మరునాడూ పాలు లేవు.

"ఇది దూడ పనే," అన్నాడు పైడయ్య. బొట్టును కట్టుగొయ్యకు ఏడు ముళ్ళు వేసి కట్టాడు. "ఈ ముడి ఏనుగుకు వేస్తే ఏనుగు ముసలిదైపోవాల్సిందే గాని ముడి ఊడదు."

తెల్లారి చూస్తే ఏడు ముళ్ళూ అలాగే ఉన్నాయి. పాలు మాత్రం లేవు. బొట్టు పొట్ట డోలులా ఉంది.

"పాపం, ఆకలికి ఉబ్బరించింది," అంది అచ్చియ్యమ్మ.

"మరి నీ దిష్టేమైంది?" అన్నాడు పైడయ్య.

"మరి నీ ఏనుగు ముడేమైంది?" అంది అచ్చియ్యమ్మ.

తరువాత పైడయ్యే నెమ్మదిగా అన్నాడు. "ఒట్టిపోయిన గేదెను ఎన్నాళ్ళు మేపుతాం? గురువారం సంతకు తోలుకుపోతాను. దూడ ఇక్కడే ఉంటుంది."

ఆ మాట కాటుక విన్నది. నెమరు ఆపింది.

అచ్చియ్యమ్మకు అప్పుడు ఒక సంగతి గుర్తొచ్చింది. గేదె ఈనగానే పక్కింటి నూకాలమ్మకు గిన్నెడు జున్నుపాలు పంపింది. జున్నుపాలు పుచ్చుకున్నవాళ్ళు గిన్నెను ఉత్తదిగా తిప్పి పంపరు. చిటికెడు పసుపో, నాలుగు బియ్యపు గింజలో వేసి పంపుతారు. లేకపోతే పాడి పోతుందని ఆ పల్లెవాళ్ళ నమ్మకం. నూకాలమ్మ ఇంటి నుంచి గిన్నె ఉత్తదే వచ్చింది.

కొంగు నడుముకు చుట్టి వెళ్ళింది అచ్చియ్యమ్మ. నూకాలమ్మ గడపలో కూర్చుని చింతపిక్కలు తీస్తోంది.

"వదినా, ఆనాడు నా గిన్నె ఎలా పంపావు?"

"ఉత్తదే పంపాను," అంది నూకాలమ్మ, తల ఎత్తి.

"అలా పంపితే పాడి పోతుందని తెలీదూ?"

"తెలుసు. ఆ రోజు మా ఇంట్లో బియ్యం లేవు, పసుపూ లేదు. ఎవరినైనా అడుగుదామంటే, ఎప్పుడూ అడిగేది నిన్నే. నీ పసుపే తెచ్చి నీ గిన్నెలో వేసి పంపితే నువ్వు నవ్వవూ?"

"నవ్వేదాన్నో లేదో గాని, ఇప్పుడు ఏడుస్తున్నాను. ఎల్లుండి కాటుక సంతకు పోతుంది. ఆ పాపం నీదే. ఇక నా గుమ్మం తొక్కకు."

"గుమ్మం తొక్కనులే," అంది నూకాలమ్మ, పిక్కలు చేటలోకి తోస్తూ. "రేపు తెలవారేసరికి నీ దొడ్డి తొక్కుతాను. నా నెత్తిన పెట్టిన పాపం ఎంత బరువుందో చూసుకోవద్దూ?"

అన్నట్టే తూరుపు తెల్లబడే వేళకు వచ్చింది. అచ్చియ్యమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది. నూకాలమ్మ గేదె వైపు చూడలేదు, దూడ వైపు చూడలేదు. వంగి నేల చూసింది.

"అచ్చియ్యమ్మా, మీ ఇంట్లో కట్టుగొయ్యలు నడుస్తాయా?"

"కొయ్య నడవడమేంటి వదినా."

"ఇదిగో మొన్నటి గుంట. ఇది నిన్నటిది. రోజుకు బెత్తెడు చొప్పున తల్లి వైపు జరిగింది."

ఇద్దరూ గడ్డివాము వెనక నక్కారు. అంతలో దొరబాబు గోడెక్కి కూసింది. అది మామూలు కూతా? ఆ కూతకు కొండ మీద బండలు దొర్లాయి, చెరువులో చేపలు ఒడ్డెక్కి చూశాయి. ఆ గోలలో కాటుక కొమ్ము వంచి, కట్టుగొయ్యను దుంప పెరికినట్టు పెరికింది. బొట్టు ఏడు ముళ్ళతో సహా తల్లి దగ్గరకు వచ్చి నాలుగు చన్నులూ కుడిచింది. కుడిచాక కాటుక ఆ కొయ్యను పాత గుంటకు బెత్తెడు ఇవతల నిలబెట్టి, గిట్టతో మూడు దెబ్బలు వేసి పాతేసింది. వడ్రంగి కూడా అంత నిటారుగా పాతలేడు.

అచ్చియ్యమ్మ గడ్డివాము వెనక నుంచి బయటకు వచ్చింది. కాటుక ఆమెను చూసి బెదరలేదు.

"మూడు నీవి, ఒకటి నా బిడ్డది," అంది కాటుక. "మీ అత్త చేతికీ మా అమ్మ పొదుగుకూ కుదిరిన మాట అది. మాట తప్పి నువ్వు నాలుగూ తీసుకున్నావు. నేనూ నాలుగూ తీసుకున్నాను. సంతకు తోలితే తోలు. అంతవరకైనా నా బిడ్డ కడుపు నిండనీ."

అచ్చియ్యమ్మ దూడ పక్కన కూర్చుంది. బొట్టు పలుపుకున్న ఏడు ముళ్ళూ ఒక్కొక్కటే విప్పింది. ఏనుగు ముసలిదయ్యేంత సేపు పట్టింది. విప్పాక నూకాలమ్మ వైపు తిరిగింది.

"ఇంత కళ్ళు పెట్టుకుని కొయ్య నడవడం చూడలేదు వదినా. నిన్ను అన్నాను."

"నీ కళ్ళు కడవ మెడ దగ్గరే ఉండిపోయాయిగా," అంది నూకాలమ్మ. "పద, దూడ మెడ ఒరుసుకుపోయింది. కాస్త నూనె తే."

గురువారం సంత జరిగింది. కాటుక మాత్రం దొడ్డిలోనే ఉంది. అచ్చియ్యమ్మ మూడు చన్నులు పితికి లేచింది. నాలుగోది బొట్టుది. బిడ్డ కడుపు నిండుతోందని తెలిసిన తల్లి మనసారా చేపింది. ఇత్తడి కడవ నిండింది, చెంబులు నిండాయి, వీధి కుక్క ఈత నేర్చుకుంది.

అచ్చియ్యమ్మ అందులో గిన్నెడు పాలు నూకాలమ్మకు తానే తీసుకెళ్ళి ఇచ్చింది. సాయంత్రం గిన్నె తిరిగి వచ్చింది, ఉత్తదే. అచ్చియ్యమ్మ దాన్ని కడిగి, మరునాటి పాలకోసం గూట్లో బోర్లించింది. మరునాడు కాటుక ఇంకో గిన్నెడు ఎక్కువే ఇచ్చింది.

ఎదుటివారి ఉత్త గిన్నెను తప్పు పట్టే ముందు, మన నిండు కడవలో ఎవరి వాటా కలిసిందో చూసుకోవాలి.