మట్టిగోడ వెనక తల్లిపిట్ట

ఏనుగుమెట్ట అడవిలో జింకలు, కోతులు, కాకులు, పునుగుపిల్లులు ఉండేవి. పెద్దముక్కు పిట్టలూ ఉండేవి. ఆ పిట్టలకొక ఆచారం ఉంది. గుడ్డు పెట్టే ముందు తల్లిపిట్ట చెట్టుతొర్రలో దూరి, వాకిలికి మట్టిగోడ కట్టేసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మాత్రం ఉంచుకుంటుంది. పిల్ల ఎదిగేదాకా తండ్రిపిట్ట ఆ సందులోంచే తిండి అందించాలి.

ఆ ఏడు సోమి అనే తల్లిపిట్ట అలా తొర్రలో ఉంది. గుడ్డు పగిలి పిల్ల వచ్చింది. కానీ మొగుడు గంగులు రెండు రోజులుగా రాలేదు. బయటికి పోదామంటే సోమి రెక్కల ఈకలన్నీ రాలిపోయి ఉన్నాయి. పిల్ల ఆకలితో నోరు తెరిచి తెరిచి సొమ్మసిల్లింది.

అప్పుడు సందులో ఒక నల్లటి ముక్కు కనిపించింది. ముక్కున మేడిపండు.

"కాకిని. గాలివానకు మీ ఆయన రెక్క విరిగి వాగు అవతల ఉన్నాడు. నన్ను పంపాడు."

"నువ్వు టక్కరివట కదా," అంది సోమి.

"అంటారు," అంది కాకి. పండు లోపలికి నెట్టి వెళ్ళిపోయింది.

సోమి ఆ పండును ముట్టుకోలేదు. పొద్దు వాలుతుండగా పునుగుపిల్లి చెట్టెక్కి వచ్చింది.

"ఆ టక్కరిదాని పండు తినకు చెల్లీ. పైకొక మాట, లోపలొక మాట ఉన్నదాన్నే టక్కరి అంటారు. నీకోసం గంపెడు పళ్ళు తెచ్చాను. కాస్త గోడ పగలగొట్టు."

సోమి పిల్లను చూసింది. గోడను ముక్కుతో ఒక్క పోటు పొడిచింది. ఒక పెళ్ళ లోపలికి రాలింది. అంతలో ఆగింది. కాకి గోడ మాటే ఎత్తలేదు కదా.

"ఒక్కొక్కటే సందులోంచి ఇవ్వన్నా."

"అంత ఓపిక నాకెక్కడిది?"

"కాకికి ఉందిగా."

పునుగుపిల్లికి ఒళ్ళు మండింది. పిల్ల వాసన పడుతూ మూతి సందులోకి దూర్చింది. సోమి బలమంతా కూడగట్టి ఆ మూతి మీద పొడిచింది. పునుగుపిల్లి నెత్తురోడుతూ కింద పడి, కుంటుకుంటూ పోయింది. చెట్టు కింద గంపా లేదు, పళ్ళూ లేవు.

సోమి రాలిన పెళ్ళను మళ్ళీ అతికించింది. తర్వాత కాకి తెచ్చిన మేడిపండును ముక్కుతో నలిపి పిల్లకు పెట్టింది.

కాకి రోజూ వచ్చింది. పిల్ల ఎదిగాక సోమి గోడ పగలగొట్టుకుని బయటికొచ్చింది. రెక్క బాగుపడిన గంగులు పండు పట్టుకుని కొమ్మ మీద కూర్చున్నాడు. పిల్ల అతణ్ణి దాటి పోయి, కాకి ముందు నోరు తెరిచింది.

"ఇదేం పిల్లే," అన్నాడు గంగులు.

"దానికి తెలిసిన ముక్కు అదే మరి," అంది సోమి. కాకి వైపు తిరిగి, "పెట్టు వదినా, నీ మేనకోడలికి," అంది.

నీతి: ఎవరిని నమ్మాలో లోకం పెట్టిన పేరు చెప్పదు; వాళ్ళు మనకేం తెచ్చారో, మనల్నేం అడిగారో చూసుకోవాలి.